చాటింపు వేసినోళ్ల మాట ఎక్కడ రాశారు? మెదక్ జిల్లాలో ప్రాజెక్టులు, పర్యావరణ పరిశీలన

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కు నాలుగో అనుబంధం ఒకటుంది. డ్యామో, గనో, ఫ్యాక్టరీయో కట్టే ముందు అక్కడి జనం మాట ఎట్లా వినాలో అందులో అంచెలంచెలుగా రాశారు. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన వెయ్యాలి. కనీసం 30 రోజుల గడువివ్వాలి. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు వేయించి, రేడియోలో టీవీలో చెప్పించి జనానికి తెలపాలి.

ఢిల్లీలో కూర్చుని ఇంగ్లీషులో ఈ వాక్యం రాసినవాళ్లకు డప్పంటే ఒక వాయిద్యం, అంతే. కొట్టే మనిషి ఆ వాక్యంలో లేడు. ఎవరు కొడతారని మెదక్ జిల్లాలో చిన్న పిల్లగాణ్ణి అడిగినా చెప్తాడు. మాదిగ కొడతాడు. పన్ను వసూలైనా, టీకాల కబురైనా, కౌలు వేలమైనా, గ్రామసభ అయినా ఊరికి చెప్పింది ఆయనే. చాటింపులో గొంతు ఆయనది, మాట వేరేవాళ్లది. సభ గురించి ఊరంతటికీ చాటిన ఆ మనిషి సభలో తన మాటగా ఏం చెప్పాడు? అది ఏ కాగితం మీదికి ఎక్కింది? ప్రజల సొమ్ముతో కట్టే ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ పరిశీలన అనే నియమం ఎట్లా వచ్చింది, మా జిల్లాలో అది వాడ దాకా ఎంత వచ్చింది అన్నది ఈ ప్రశ్న వెంట పోయి చూడాలనుకుంటున్నాను.

ముందే ఒకటి తేల్చుకోవాలి. మనం ప్రాజెక్టులకు శత్రువులం కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేడ్కర్ దామోదర్ లోయ పథకానికి పునాది వేసినవాళ్లలో ఒకరు. 1945 నవంబరులో కటక్‌లో మహానది మీద జరిగిన సమావేశానికి ఆయనే అధ్యక్షుడు. వరదను శాపంగా చూడకుండా నీళ్లను నిలవ పెట్టుకోవాలని వాదించాడు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగిన మనిషి, పద్దెనిమిదేళ్ల తర్వాత నదుల లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. నా దృష్టిలో ఈ రెండూ ఒకే పని. నీళ్ల మీద నిర్ణయం ఎవరిదన్నదే రెండు చోట్లా ప్రశ్న. కట్టండి. అయితే కట్టే ముందు ఎవర్ని లెక్కపెట్టారో చూపించండి. మనం అడుగుతున్నది ఇదే.

మా టేక్మాల్ మంజీర వంపు లోపల ఉంటుంది. మహారాష్ట్రలో పుట్టి బీదర్ మీదుగా వచ్చే నది సింగూరు దాటి సంగారెడ్డి వైపు దిగుతుంది. అక్కణ్ణించి ఉత్తరానికి మళ్లి, ఏడుపాయల దగ్గర పాయలుగా చీలి, మళ్లీ కలిసి నిజాంసాగర్‌కు పోతుంది. అంటే మా చుట్టూ తిరిగి పోతుంది. ఈ నది మీద 1905లో ఘనపురం ఆనకట్ట కట్టారు. దాని రెండు కాలవలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని పేర్లు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్‌కు పదుల సంఖ్యలో పల్లెలు ఖాళీ అయ్యాయి. తర్వాత హైదరాబాదు తాగునీళ్ల కోసం మంజీర బ్యారేజీ వచ్చింది, 1980ల చివరికి దాదాపు 30 టీఎంసీల సింగూరు వచ్చింది. అన్నీ ఖజానా డబ్బులే. నవాబు ఖజానా కావొచ్చు, ప్రజాప్రభుత్వ ఖజానా కావొచ్చు. మునిగే ఊళ్లో ముందుగా సభ పెట్టి అడగాలన్న నియమం వీటిలో దేనికీ లేదు.

మునగక ముందు ఊరు ఎట్లా ఉండేది? ఇక్కడ 1980ల, 90ల పర్యావరణ రచయితలతో నాకు పేచీ ఉంది. పెద్ద డ్యాములను తిట్టే ఊపులో వాళ్లు పాత చెరువును, చెరువు కింది ఊరిని బంగారం చేసి చూపించారు. అందరూ కలిసి నీళ్లు పంచుకున్న ఊరట! చెరువును నడిపింది ఎవరో అడిగితే ఆ బంగారానికి మెరుగు పోతుంది. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంత పారాలో చూసేది నీరడి. ముసురు పట్టిన రాత్రి కట్ట మీద పడుకుని అలుగు కాసింది ఆయనే. తెలంగాణలో చాలాచోట్ల ఇది మాలల పని, కొన్నిచోట్ల మాదిగల పని. ప్రతిఫలంగా ఓ చిన్న ఇనాం మడి, కల్లం దగ్గర నాలుగు చేటల మేర. పక్కనే బేగరి. అధికారి వస్తే సామాను మొయ్యాలి, గుర్రానికి గడ్డి వెయ్యాలి, ఊరి నుంచి ఊరికి కబురు పట్టుకుని ఉరకాలి. మెదక్ జిల్లాలో ఈ రెండూ ఇప్పటికీ ఇంటిపేర్లుగా ఉన్నాయి. పంచింది వాడ, పారింది ఊరికి.

మా ఇంట్లో డిగ్రీ దాటింది నాతోనే మొదలు. యూనివర్సిటీలో చదివిన వ్యాసాల్లో నీరడి ఒక 'సంప్రదాయ వ్యవస్థ'. మా ఇళ్లల్లో ముసలోళ్ల మాటల్లో నీరడి అంటే మోకాలి లోతు బురదలో నిలబడి, నీళ్లందని మడి దొర తిట్లూ, ఎక్కువైన మడి దొర తిట్లూ రెండూ తినే మనిషి. రెండో మాటను ఫుట్‌నోట్‌గా పెట్టమంటారు. నాకు మాత్రం అదే మూలం.

అట్లాగని చెరువు వాడకేమీ ఇవ్వలేదంటే అబద్ధమవుతుంది. పట్టా కింద రానివన్నీ మనకక్కడే దొరికాయి. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినాక శికంలో ఇంత దోస, ఇంత పెసర చల్లుకోవచ్చు. బంచరాయిలో బర్రె మేస్తుంది. తోలు నానబెట్టే లందకు నీళ్లు కావాలి, తంగేడు చెక్క కావాలి. ఈత కమ్మలు, తుంగ, చాపలు, నత్తలు, కట్టెపుల్లలు చెరువు చుట్టూ దొరికేవే. ఇక చేలల్లో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు కొంగులో వేసుకుని వచ్చే కూరలు. ఇవేవీ విత్తినవి కావు, వీటికి పట్టాదారు లేడు. మా పాత మెదక్ జిల్లాలోనే జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. విత్తకుండా మొలిచే ఈ కూరల పేర్లు వాళ్లు ఒకదాని వెంట ఒకటి చెప్తూ పోతారు. ప్రాజెక్టు రిపోర్టులో 'వృక్షజాతులు' అనే పట్టిక ఉంటుంది. అందులో ఈ మొక్కలకు లాటిన్ పేర్లు ఉండొచ్చు. ఎవరింట్లో పొయ్యి మీద అది ఉడుకుతుందో ఉండదు.

ఇక కాగితం చరిత్రకు వస్తాను. ప్రభుత్వ సొమ్ము ఖర్చయ్యే పనికి ముందుగా పర్యావరణ నివేదిక రాసితీరాలన్న చట్టం అమెరికాలో 1970 జనవరి 1న వచ్చింది. జాతీయ పర్యావరణ విధాన చట్టం అంటారు. ఫెడరల్ సంస్థ ఏదైనా పెద్ద పని తలపెడితే దాని ఫలితాలేమిటో, వేరే దారులేమున్నాయో రాసి బయట పెట్టాలి. మన దగ్గర 1976-77లో ప్రణాళికా సంఘం నదీలోయ ప్రాజెక్టులను పర్యావరణ కోణంలో చూడమని శాస్త్ర సాంకేతిక శాఖను కోరింది. అదొక పాలనాపరమైన ఏర్పాటు, చట్టబలం లేదు. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1994 జనవరి 27న మొదటి ప్రభావ అంచనా నోటిఫికేషన్ వెలువడింది.

ఆ ఖాళీ కాలంలో మా జిల్లాకు జరిగిన పని పటాన్‌చెరు. 1970ల నుంచి ప్రభుత్వమే భూమి సేకరించి, రోడ్లు వేసి, పారిశ్రామికవాడ తెరిచింది. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు దిగినాయి. మురుగు నక్కవాగులో పడి మంజీరలో కలిసింది. 1986 నుంచీ రైతులు రోడ్డెక్కారు, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసులో పరిహారం లెక్క ఎకరాల చుట్టూ తిరిగింది. పంట పోయిన ఎకరాకు ఇంత అని. ఆ ఎకరాలో నాటు వేసి, కలుపు తీసి బతికిన కూలి మనిషికి పోయిన పనిదినాలను ఏ కొలతతో కొలవాలి? వాగులో బర్రెను కడిగిన మనిషికి? అడిగిన ప్రశ్నే ఎకరా అయినప్పుడు ఎకరా లేనివాడు జవాబులో ఎట్లా కనిపిస్తాడు?

1994 దగ్గర కాసేపు ఆగాలి. మన నోటిఫికేషన్ వచ్చిన పదిహేను రోజులకు, ఫిబ్రవరి 11న, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ప్రభుత్వ పనుల వల్ల వచ్చే కీడు నల్లవాళ్ల మీద, ఇతర మైనారిటీల మీద, పేదల మీద ఎక్కువ భాగం పడుతోందా అని ప్రతి ఫెడరల్ సంస్థా చూడాలన్నది దాని సారం. అది ఊరికే రాలేదు. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో విషపు మట్టిని పూడ్చడానికి నల్లవాళ్లు ఎక్కువున్న చోటునే ఎంచుకున్నారు. జనం లారీలకు అడ్డం పడుకున్నారు, వందలమంది అరెస్టయ్యారు. జాతికీ చెత్తకుప్పకూ ఉన్న సంబంధాన్ని 1987లో ఒక చర్చి సంస్థ దేశమంతటి లెక్కలతో బయటపెట్టింది. ఆ ఒత్తిడితో వచ్చిందా ఉత్తర్వు. 2025 జనవరిలో ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. అయినా ముప్పై ఏళ్లపాటు ఆ దేశపు పర్యావరణ నివేదికలో జాతి అనే ప్రశ్న ఒక అధ్యాయమై ఉంది. పదిహేను రోజులు ముందు పుట్టిన మన నోటిఫికేషన్‌కు కులం తట్టలేదు. అదే ఏడాది జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. మనవాళ్లు డప్పును తమ మాట కోసం తాము కొట్టుకున్న ఏడాది కూడా 1994 అన్నమాట. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివిన పుస్తకం నాకు ఇంతవరకు తారసపడలేదు.

1994 నోటిఫికేషన్‌లో బహిరంగ విచారణ తప్పనిసరి కాదు. 1997 ఏప్రిల్ 10 సవరణతో అయింది. అప్పటి ఏర్పాటులో విచారణకు ఒక ప్యానెల్ ఉండేది. స్థానిక సంస్థల ప్రతినిధులు, కలెక్టరు ఎంపిక చేసే పెద్దమనుషులు అందులో ఉండేవాళ్లు. పెద్దమనుషులంటే మా జిల్లాలో ఎవరో చెప్పాల్సిన పని లేదు. 2006లో ఆ ప్యానెల్ పోయి సభ మొత్తం కలెక్టర్ చేతికి వచ్చింది. ఆయన గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని హోదా ఉన్న అధికారి గానీ కూర్చోవాలి. కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి సహాయం చేస్తాడు.

చిన్న అక్షరాల్లో ఉన్నదే పెద్ద సంగతి. పూర్తి ముసాయిదా నివేదిక ఇంగ్లీషులో ఉంటే చాలు, తెలుగులో సారాంశం మాత్రమే ఇవ్వాలి. వందల పేజీలకు బదులు పది ఇరవై పేజీలు. అది కూడా కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కార్యాలయంలో పెడతారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు చీలేదాకా టేక్మాల్‌కు జిల్లా కేంద్రం సంగారెడ్డి. రోజుకూలీ మనిషి ఒక పూట పని వదులుకుని బస్సెక్కి పోయి, అటెండరును దాటి, ఇంగ్లీషు పుస్తకం తిరగేసి రావాలి. సభ జిల్లాకొకటి పెడితే సరిపోతుంది. ఇంతమంది ఉంటేనే మొదలుపెట్టాలన్న కోరం లేదు. పదిమంది వచ్చినా సభే.

అన్నిటికన్నా ముఖ్యం కుర్చీ సంగతి. సాగునీటి ప్రాజెక్టుకు దరఖాస్తుదారు ప్రభుత్వ శాఖే. భూమి సేకరించేది కలెక్టర్. జనం అభ్యంతరాలు వినే సభకు అధ్యక్షుడూ కలెక్టరే. ప్రైవేటు ఫ్యాక్టరీ విషయంలో కలెక్టర్ కనీసం మూడో మనిషి. ప్రజల సొమ్ముతో కట్టే పనిలో అడిగేవాడూ వినేవాడూ ఒకే సర్కారు. ఇక మినహాయింపులు. సాగునీటి ప్రాజెక్టుల ఆధునికీకరణకు ప్రజాసంప్రదింపులే అక్కర్లేదు. అనుమతి పొందిన పారిశ్రామిక ఎస్టేటు లోపల పెట్టే కంపెనీకీ అక్కర్లేదు. పటాన్‌చెరు చూసిన జిల్లావాళ్లకు ఈ రెండో మినహాయింపు ఎంత చేదో వేరే చెప్పాలా?

అయితే ఈ చరిత్రలో మనవాళ్ల మాట గట్టిగా రికార్డుకెక్కిన ఘట్టం ఒకటుంది. అది పర్యావరణ సభలో ఎక్కలేదు, కోర్టులో ఎక్కింది. జహీరాబాదు దగ్గర న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలికి, అంటే అందరూ నిమ్జ్ అనేదానికి, 12,635 ఎకరాలు అనుకున్నారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పోతే సామాజిక ప్రభావ అంచనా చెయ్యాలి. ఆ చట్టం భూమి లేని వ్యవసాయ కూలీని, కౌలుదారును, చేతివృత్తుల మనిషిని 'బాధిత కుటుంబం' అంటుంది. మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, బతుకుదెరువు దెబ్బతింటే చాలు. మన చట్టాల్లో ఇది పెద్ద మలుపు. దాన్ని తప్పించుకునే దారిగా 2015 జులై 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 123 ఇచ్చింది. భూయజమాని ఇష్టపడి అమ్ముతాడు, సర్కారు కొంటుంది, అంతే. అమ్మకం అంటే అమ్మేవాడూ కొనేవాడూ మాత్రమే ఉంటారు గదా! కూలి మనిషికి ఆ బేరంలో చోటే లేదు.

కూలీలు హైకోర్టుకు పోయారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి జీవో 123ను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. భూమిలేని కూలీల పునరావాసం గురించి ఆ నెలలోనే కొత్త జీవో తెచ్చింది. తర్వాత భూసేకరణ చట్టానికి రాష్ట్ర సవరణ వచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు కల్పించింది. గెలుపు నిలిచిందా అంటే పూర్తిగా నిలవలేదు. కానీ 'ఈ భూమి నాది కాదు, ఈ భూమి మీద బతుకు నాది' అన్న వాదన మెదక్ జిల్లా కూలీల నోటి నుంచి హైకోర్టు రికార్డులోకి ఎక్కింది. ఆ వాదన రాసుకోవడానికి పర్యావరణ నివేదికలో గడి లేదు.

లావణి పట్టాల సంగతీ ఇక్కడే చెప్పాలి. వాడలో భూమి ఉన్నవాళ్లకు ఎక్కువగా ఉన్నది సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమే. సర్కారు అవసరం వస్తే 'మేమిచ్చిందే గదా' అని తక్కువ ధరకు వెనక్కి తీసుకునేవాళ్లు. చేవెళ్ల నుంచి వచ్చిన మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని తప్పన్నది. అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టాలన్నది. ఇప్పుడు కూడా ఊళ్లోకి సర్వేవాళ్లు దిగినప్పుడు ఈ తీర్పు పేరు తెలిసినవాడు వాడలో ఒక్కడుంటే లెక్క మారుతుంది.

మల్లన్నసాగర్‌కు వద్దాం. పాత మెదక్ జిల్లాలో, ఇప్పటి సిద్దిపేటలో, 50 టీఎంసీల జలాశయం. కాళేశ్వరం ఎత్తిపోతల్లో అన్నిటికన్నా పెద్ద రిజర్వాయరు. నది లేని చోట చుట్టూ కట్ట కట్టి నింపారు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, ఎర్రవల్లి వంటి ఊళ్లు దాని కింద పోయినాయి. 2016లో వేములఘాట్ జనం చట్టప్రకారం భూసేకరణ చెయ్యమని రిలే దీక్షలకు కూర్చున్నారు. తేదీలను వరసగా పెట్టి చూడండి. 2016 మే 2న కాళేశ్వరానికి శంకుస్థాపన. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభలు 2017 ఆగస్టులో. 2017 అక్టోబరు 5న జాతీయ హరిత ట్రిబ్యునల్ పనులు ఆపమంటే, నవంబరులో హైకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. అనుమతి వచ్చింది 2017 డిసెంబరు 22న. మొదట కొబ్బరికాయ, ఏడాది దాటినాక అభిప్రాయం.

ప్రభుత్వం ట్రిబ్యునల్ ముందు చేసిన వాదన మరీ ముఖ్యం. అప్పటిదాకా జరిగింది తాగునీళ్ల పని, తాగునీళ్ల పథకానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, సాగునీటి భాగం తర్వాత అని. 2020 అక్టోబరు 20న ట్రిబ్యునల్ దీన్ని ఒప్పుకోలేదు. పనులు చాలావరకు అయ్యాక ఇచ్చిన అనుమతి చట్టవిరుద్ధమన్నది. కానీ కట్టింది కట్టేశారు కాబట్టి, జరిగిన నష్టాన్ని చూసి పూడ్చే చర్యలు చెప్పడానికి కమిటీ వెయ్యమన్నది. పాలమూరు-రంగారెడ్డిలోనూ తాగునీళ్ల వాదనే వినిపించింది. 2022 డిసెంబరులో ట్రిబ్యునల్ చెన్నై బెంచి జరిమానా వేస్తే, వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది.

తాగునీళ్లు అనే మాట వినగానే మెదక్ జిల్లా మనిషికి సింగూరు గుర్తొస్తుంది. అది కట్టిందే హైదరాబాదు దూప తీర్చడానికి. పక్కనున్న పొలాలకు కాలవలు రావడానికి దశాబ్దాలు పట్టింది. తాగునీళ్లంటే ఎవరూ కాదనలేరు. పట్నం గొంతు తడపొద్దని ఎవరంటారు? అందుకే ఆ మాట పరిశీలనకు అడ్డంగా పెట్టడానికి అంత బాగా పనికొస్తుంది. ఊరి బాయిలో నీళ్లు తోడుకోనివ్వని కాలాన్ని దాటి వచ్చిన మనం, తాగునీళ్ల పేరు చెప్పి మన మాట వినకుండా దాటిపోవడాన్ని మాత్రం మర్యాదగా ఒప్పుకోవాలట.

పని అయ్యాక ఇచ్చే అనుమతి చెల్లుతుందా అన్న ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. 2025 మే 16న సుప్రీంకోర్టు వనశక్తి కేసులో అట్లాంటి అనుమతులు చెల్లవన్నది. ఆరు నెలలు తిరిగేసరికి, నవంబరు 18న, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ తీర్పును వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకుంటే వేల కోట్ల ప్రజాధనంతో కట్టినవి కూలగొట్టాల్సిన పని తప్పుతుందన్నది ఒక కారణం. ఒప్పుకోనని విడిగా రాసిన మూడో జడ్జి ఉజ్జల్ భుయాన్, అంతకు ముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినాయన. ప్రజాధనం వృథా కాకూడదన్న వాదన బరువైనదే, నేను కొట్టిపారెయ్యను. కానీ అదే వాదనను ముందుకు తిప్పి చూడండి. ప్రజాధనం అంత విలువైనదైతే, మొదటి రూపాయి ఖర్చు కాకముందే అడగాలి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు పోయింది కూడా ప్రజాధనమే. పర్యావరణ సభ సరిగ్గా జరిగి ఉంటే పిల్లరు కుంగేది కాదని నేననను, అది ఇంజనీర్ల సంగతి. తొందర మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంతకూ మన నివేదికల్లో వాడ ఎట్లా కనిపిస్తుంది? నేను చూసినవాటిలో సామాజిక, ఆర్థిక అధ్యాయం అనేది ఒకటుంటుంది. జనాభా లెక్కల నుంచి ఎత్తి రాసిన పట్టికలో షెడ్యూల్డ్ కులాలు ఇంత శాతం అని ఒక గీత. అక్కడితో సరి. ఆ శాతంలో ఎన్ని ఇళ్లు శికం మీద బతుకుతున్నాయి, బంచరాయి పోతే ఎన్ని బర్రెలు అమ్ముకోవాలి, కూలి దినాలు ఎన్ని పోతాయి, కొత్త కాలనీలో వాడను మళ్లీ ఏ మూలకు విసిరేస్తున్నారు, రాయదు. గుడి మునిగితే కొత్త గుడి కట్టిస్తారు, లెక్కలో ఉంటుంది. మన బొందలగడ్డకు చాలా ఊళ్లల్లో కాగితమే లేదు. వాగొడ్డునో, చెరువు వెనకాలో ఉంటుంది. నీళ్లు మొదట ఎక్కేది దాని మీదికే.

ఇది పంతుళ్లూ పిల్లలూ కలిసి ముందే చేసి పెట్టుకోదగిన పని. సర్వే వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పహాణీలో శికం, బంచరాయి, గైరాన్ నంబర్లు రాసుకోవచ్చు. లావణి పట్టాల జిరాక్సులు ఒకచోట పెట్టుకోవచ్చు. పాత నీరడి ఇనాం మడి ఎవరి పేరున ఎక్కిందో తహసీల్ ఆఫీసులో తీయించవచ్చు, సమాచార హక్కు చట్టం ఉంది. ఏ నెలలో ఏ పని ఎన్ని రోజులు దొరుకుతుందో ఆడవాళ్లను అడిగితే వేళ్ల మీద చెప్తారు. రేడియో మాట కూడా చట్టంలో ఉంది గదా, ఝరాసంగం మండలం మాచనూర్‌లో 2008 నుంచి దళిత ఆడవాళ్లు నడిపిన సంఘం రేడియో ఉంది. సభ తేదీ ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, తెలుగు సారాంశాన్ని చదివి వినిపించడానికి అట్లాంటిది పనికొస్తుంది.

నాలుగో అనుబంధంలో ఎవరూ పెద్దగా వాడుకోని వాక్యం ఇంకోటి ఉంది. సభలో వచ్చిన మాటల సారాంశాన్ని కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి చివర్లో అందరికీ స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఒప్పుకున్న ఆ మినిట్స్ మీదే కలెక్టర్ సంతకం పెట్టాలి. హాజరైనవాళ్ల పేర్లు జత చెయ్యాలి. జనం లేవనెత్తిన అంశాలనూ వాటికి దరఖాస్తుదారు చెప్పిన జవాబులనూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి జతపరచాలి. సాధారణంగా ఆ వేళకు నాయకులు ఉపన్యాసాలిచ్చి కార్లెక్కి ఉంటారు, కుర్చీలు మడుస్తుంటారు, బందోబస్తు పోలీసులు లేవండి లేవండి అంటుంటారు. లేవొద్దు. చదవమని అడగాలి. చదివేటప్పుడు మన బొందలగడ్డ సర్వే నంబరు, నీరడి మడి, పోయే కూలి దినాలు అందులో వచ్చాయో లేదో వినాలి. రాకపోతే రాయించి, మళ్లీ చదివించి, అప్పుడు సంతకం పెట్టమనాలి.